మట్టిమనుషుల చిత్రకారుడు మిలే

ప్రపంచ చిత్రకళా చరిత్రను తిరగవేస్తే అందులో రాజులకు, రాణులకు, సేనాధిపతులకు, పురాణపురుషులకు కొదవ లేదు. వారి కిరీటాలను, కత్తులను, పట్టువస్త్రాల మడతలను సైతం చిత్రకారులు ఎంతో శ్రద్ధతో చిత్రించారు. కాని ఆ రాజుకు, ఆ సేనాధిపతికి, చివరకు ఆ చిత్రకారునికి కూడ అన్నం పెట్టిన రైతు ఆ చిత్రాలలో ఎక్కడ ఉన్నాడు? ఉంటే ఏదో ఒక మూల, దూరంగా, దృశ్యానికి అందం చేకూర్చే అలంకారంగా ఉన్నాడు. లేదా కల్లు దుకాణంలో త్రాగి తందనాలాడే హాస్యపాత్రగా ఉన్నాడు. రైతును చిత్రపటం మధ్యకు తెచ్చి, రాజుకు ఇచ్చే స్థానాన్ని అతనికి ఇచ్చి, అతని వంగిన నడుమునే ఒక మహాకావ్యంగా మలచినవారు బహు కొద్దిమంది. వారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఫ్రాన్స్వా మిలే. ఆయన పుట్టింది రైతు ఇంట. యువకుడయ్యేవరకు చేసింది వ్యవసాయం. ఆ జీవితకథ మన విద్యార్థులు, ముఖ్యంగా పల్లెల నుండి వచ్చి చదువుకొనేవారు, తెలుసుకోదగినది.

బాల్యం

మిలే 1814 అక్టోబరు 4వ తేదీన నార్మండీ ప్రాంతంలోని గ్రూషీ అనే కుగ్రామంలో జన్మించాడు. అది షెర్‌బూర్ రేవుపట్టణానికి చేరువలో, సముద్రపు ఒడ్డున, కొండరాళ్ళ మధ్య ఉన్న ఊరు. ఉప్పుగాలులను ఎదిరించి పంట పండించుకోవలసిన నేల అది. తండ్రి జాన్ లూయీ నికొలా కష్టజీవి అయిన రైతు. గ్రామ దేవాలయంలో భక్తిగీతాల బృందాన్ని నడిపేవాడు. తీరిక దొరికితే మట్టితో బొమ్మలు చేసేవాడు. తల్లి పొలం పనులలో మునిగి ఉండడం చేత పిల్లవాని పెంపకం ఎక్కువగా నాయనమ్మ చేతిలో జరిగింది. ఆమె పరమభక్తురాలు. పని చేయడం, ప్రార్థించడం, ఉన్నంతలో పేదవానికి పెట్టడం అనే మూడు విషయాలను ఆమె మనుమనికి ఉగ్గుపాలతో నేర్పింది.

గ్రామంలోని క్రైస్తవ గురువుల వద్ద మిలే లాటిన్ భాష నేర్చుకొన్నాడు. బైబిలును, వ్యవసాయాన్ని గురించి కావ్యం వ్రాసిన ప్రాచీన రోమన్ కవి వర్జిల్‌ను చిన్ననాడే చదివాడు. పగలు తండ్రితో కలిసి దున్నడం, విత్తడం, కోయడం, నూర్చడం, తూర్పారబట్టడం. విరామంలో పుస్తకాలు, బొమ్మలు. ఎనిమిదిమంది సంతానంలో మగపిల్లలలో పెద్దవాడు కావడం చేత ఇంటి బరువు అతని మీదనే పడవలసి ఉండెను.

అతని జీవితాన్ని మలుపు త్రిప్పిన సంఘటనను జీవితచరిత్రకారుడు అల్ఫ్రెడ్ సెన్సియే ఇలా వివరించాడు. ఒకనాడు దేవాలయం నుండి ఇంటికి వస్తూ మిలే, నడుము వంగిపోయి మెల్లగా నడుస్తున్న ఒక వృద్ధుని చూచాడు. ఇల్లు చేరగానే బొగ్గుముక్క తీసుకొని గోడమీద ఆ వృద్ధుని రూపం గీశాడు. ఇంటివారందరు ఆ మనిషిని గుర్తుపట్టి నవ్వారు. తండ్రి మాత్రం ఆలోచనలో పడ్డాడు. కొడుకు చేతిలో తనకు లేని విద్య ఒకటి ఉన్నదని, పొలంలో అవసరమని అతనిని ఇన్నాళ్ళు తాను నిలిపివేశానని గ్రహించాడు. కొడుకు గీసిన రెండు బొమ్మలను వెంటబెట్టుకొని షెర్‌బూర్‌లోని చిత్రకారుడు ముషెల్ వద్దకు అతనిని తీసుకువెళ్ళాడు. పల్లెటూరి యువకుడు వాటిని గీశాడంటే ఆ గురువు మొదట నమ్మనే లేదట. సేద్యానికి రెండు చేతులు తగ్గుతాయని తెలిసి కూడ కొడుకును పంపిన ఆ తండ్రిని, మిలే చరిత్రలో మొదటి మహనీయునిగా నేను భావిస్తాను.

పట్టణవాసం, పేదరికం

1835లో తండ్రి మరణించాడు. మిలే వెంటనే కుంచెను వదలి నాగలి పట్టడానికి ఇంటికి వచ్చాడు. పెద్దకొడుకుగా అది అతని ధర్మం. కాని నాయనమ్మ ఒప్పుకొనలేదు. తండ్రి కోరిక నెరవేర్చడమే నిజమైన ధర్మమని చెప్పి అతనిని తిరిగి పంపివేసింది. షెర్‌బూర్ పురపాలక సంఘం ఉపకార వేతనం మంజూరు చేసింది. 1837లో మిలే పారిస్ నగరం చేరి, ప్రసిద్ధ చిత్రకళా విద్యాలయంలో పాల్ దెలరోష్ శిష్యుడయ్యాడు.

పారిస్ అతనికి నచ్చలేదు. పారిస్‌కు అతడు నచ్చలేదు. బలిష్ఠమైన శరీరం, మోటు నడక, మితభాషణం చూచి సహాధ్యాయులు అతనికి అడవిమనిషి అని పేరు పెట్టారు. లూవ్ర్ ప్రదర్శనశాలలోని మైకెలాంజెలో, పుస్సేన్ వంటి పూర్వ మహాశిల్పుల, చిత్రకారుల కృతులే అతనికి అసలు గురువులు. 1839లో ఉపకార వేతనం ఆగిపోయింది. ఆ ఏడు సాలాన్ అనబడే ప్రభుత్వ చిత్రకళా ప్రదర్శనకు పంపిన చిత్రం తిరిగి వచ్చింది. 1841లో పోలిన్ ఓనో అనే యువతిని వివాహమాడాడు. మూడేళ్ళు గడవకముందే, 1844లో, ఆమె క్షయవ్యాధితో మరణించింది. తరువాత కాతరీన్ లమేర్ అనే పేదపిల్ల అతనికి జీవిత సహచరి అయింది. వారికి తొమ్మిదిమంది సంతానం.

కోటి విద్యలూ కూటి కొరకే అన్నట్లు ఆ సంవత్సరాలలో మిలే అడిగినవారికి అడిగినట్లు చిత్రాలు వేశాడు. ముఖచిత్రాలు, శృంగారపరమైన నగ్నచిత్రాలు, దుకాణాల పలకలు కూడ వేశాడు. 1848 విప్లవం రోజులలో ఒక మంత్రసానికి ముప్పై ఫ్రాంకులకు పేరుపలక వ్రాసి ఇల్లు గడుపుకొన్నాడు. ఒకనాటి సాయంకాలం ఒక దుకాణపు కిటికీలో తన చిత్రాన్ని చూస్తూ ఇద్దరు మాట్లాడుకొంటుంటే విన్నాడట. ఇతడు స్త్రీల నగ్నచిత్రాలు తప్ప మరేమీ వేయలేడని వారు అనుకొంటున్నారు. ఆ మాట అతనికి శూలంలా నాటింది. ఇంటికి వచ్చి, ఇంకా పేదరికం అనుభవించవలసి వచ్చినా సరే ఇకమీద అటువంటివి వేయనని భార్యకు చెప్పాడు. ఆమె సరే అన్నది. ఆ ఒక్క సరే వెనుక ఎన్ని పస్తులు ఉన్నవో గృహస్థులు ఊహించగలరు.

అదే 1848లో, చేటతో ధాన్యం తూర్పారబట్టే రైతు చిత్రాన్ని అతడు ప్రదర్శించాడు. రాజరికం పోయి ప్రజాప్రభుత్వం ఏర్పడిన సంవత్సరమది. దేశీయాంగ మంత్రి లెద్రు రొలేన్ ఆ చిత్రాన్ని ఐదువందల ఫ్రాంకులకు కొన్నాడు. మిలేకు తన దారి తెలిసింది.

బార్బిజాన్

1849లో పారిస్‌లో కలరా వ్యాపించింది. ప్రభుత్వం నుండి వచ్చిన కొంత సొమ్ముతో మిలే భార్యాబిడ్డలను తీసుకొని ఫాంటేన్‌బ్లో అడవి అంచున ఉన్న బార్బిజాన్ గ్రామానికి వెళ్ళాడు. కొద్దికాలం ఉండి రావాలని వెళ్ళినవాడు ఇరవై ఐదు సంవత్సరాలకు పైగా అక్కడే ఉండి, అక్కడే కన్నుమూశాడు. ఒకప్రక్క దట్టమైన అడవి, మరొకప్రక్క కనుచూపుమేర షాయి మైదానపు పంటపొలాలు. ఉదయం తన తోటలో త్రవ్వడం, నాటడం. మధ్యాహ్నం వెలుతురు తక్కువైన చిన్నగదిలో చిత్రరచన. ఇదీ అతని దినచర్య.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. మిలే సాధారణంగా పొలంలో కూర్చుండి, ఎదుట రైతును నిలబెట్టి చిత్రించేవాడు కాడు. చూచి వచ్చి, జ్ఞాపకం నుండి వేసేవాడు. విత్తులు చల్లేటప్పుడు చేయి ఎంత వెనుకకు పోతుందో, బరువెత్తినప్పుడు మోకాలు ఎక్కడ వంగుతుందో అతనికి కంటితో చూచి తెలిసినది కాదు. ఒంటితో చేసి తెలిసినది. అందుచేత అనవసరమైన వివరాలు రాలిపోయి, పని యొక్క అసలు రూపం మాత్రం అతని చిత్రాలలో మిగిలింది.

1850లో పూర్తయిన విత్తులు చల్లేవాని చిత్రం ఇందుకు మొదటి గొప్ప ఉదాహరణ. ఏటవాలు నేలమీద, సంధ్యచీకటిలో, ఒక యువరైతు పెద్ద అంగవేసి నడుస్తూ గింజలు చల్లుతున్నాడు. ముఖం సరిగా కనబడదు. అతనికి పేరు లేదు. కాని ఆ నడకలో ఒక చక్రవర్తికి ఉండవలసిన ఠీవి ఉంది. ఈ చిత్రాన్ని మిలే రెండుసార్లు వేశాడు. ఒకటి అమెరికాలోని బోస్టన్ ప్రదర్శనశాలలో, రెండవది జపాన్‌లోని యమనాషి ప్రదర్శనశాలలో నేడు ఉన్నవి.

తల్లి ఎదురుచూపు

మిలే జీవితంలో అన్నిటికన్న బాధాకరమైన అధ్యాయం ఒకటి ఉంది. చిత్రకారుడై వెళ్ళిన కొడుకును చూడాలని నాయనమ్మ, తల్లి గ్రూషీలో ఎదురుచూస్తూ ఉండేవారు. రాకపోకలకు డబ్బు లేదు. ఇంటినిండా పిల్లలు, బయట అప్పులవాళ్ళు. 1851లో నాయనమ్మ మరణించింది. మిలే వెళ్ళలేకపోయాడు. ఒక్కసారి వచ్చిపొమ్మని తల్లి ఉత్తరాలు వ్రాయించింది. 1853లో ఆమె కూడ కన్నుమూసింది. అప్పుడు కూడ అతడు ఆమెను చూడలేకపోయాడు. తరువాత ఆస్తి పంపకానికి వెళ్ళి, తన భాగాన్ని తోబుట్టువులకు వదలివేసి, పాత పుస్తకాలను, ఒక చెక్క బీరువాను మాత్రం అడిగాడని సెన్సియే వ్రాశాడు.

ఆ వ్యథ ఊరకపోలేదు. బైబిలు సంబంధమైన ఒక కథలో తోబీతు అనే అంధవృద్ధుడు, అతని భార్య అన్నా దూరదేశం వెళ్ళిన కొడుకు కోసం నిరీక్షిస్తారు. ఆ దృశ్యాన్ని మిలే నార్మండీ పల్లె ఇంటి ముంగిట చిత్రించి 1861లో ప్రదర్శించాడు. ముసలితల్లి బాటమీదికి వచ్చి, అస్తమిస్తున్న సూర్యుని వైపు చూస్తున్నది. అంధుడైన తండ్రి తడుముకొంటూ గడప దాటుతున్నాడు. కొడుకు ఎక్కడా కనబడడు. కథలోని కొడుకు తిరిగి వచ్చాడు. చిత్రం వేసిన కొడుకు రాలేకపోయాడు. మట్టిని చిత్రించడానికి మట్టిని విడిచివెళ్ళినవాడు చెల్లించిన మూల్యం ఇది.

పరిగ ఏరుకొనే స్త్రీలు

మన పల్లెలలో కోత అయిన తరువాత పొలంలో రాలిన వెన్నులను పేదలు ఏరుకోవడాన్ని పరిగ ఏరుకోవడం అంటారు. ఫ్రాన్సులో కూడ ఈ ఆచారం అనాదిగా ఉంది. పంట రైతుది, నేల రాలిన గింజ పేదది. 1857లో మిలే ఈ విషయాన్నే తీసుకొని తన మహాచిత్రాన్ని ప్రదర్శించాడు. దూరాన బంగారు వెలుగులో ఎత్తైన కుప్పలు, ధాన్యపు బండి, గుంపులుగా కూలీలు, గుఱ్ఱం మీద అజమాయిషీ చేసే పెద్దమనిషి. ముందుభాగాన కోసిన మోళ్ళ మధ్య ముగ్గురు స్త్రీలు. ఇద్దరు నేలకు వంగి ఉన్నారు. మూడవ ఆమె సగం వంగి, చేతిలోని గుప్పెడు వెన్నులను సరిచేసుకొంటున్నది. వారి శరీరాలు దిగంతరేఖను దాటీ దాటనట్లు ఉంటాయి; భూమి వారిని తనలో పట్టి ఉంచినట్లుగా తోస్తుంది. సమృద్ధి అంతా వెనుక, చిన్నదిగా. లేమి అంతా ముందు, పెద్దదిగా. ఒక్క మాట లేకుండా చెప్పిన ఆర్థికశాస్త్రం అది.

విమర్శకులు ఉలిక్కిపడ్డారు. విప్లవం జరిగి తొమ్మిదేళ్ళే అయింది. ఆ ముగ్గురు స్త్రీల వెనుక తిరుగుబాటుదారుల బల్లేలు, 1793 నాటి వధ్యశిలలు కనబడుతున్నవని ఒకడు వ్రాశాడు. వీరు దరిద్రదేవతలని మరొకడు ఎగతాళి చేశాడు. నాలుగువేల ఫ్రాంకులు ఆశించిన చిత్రం చివరకు మూడువేలకు అమ్ముడుపోయింది. 1863లో ప్రదర్శించిన గుద్దలి పట్టిన మనిషి చిత్రానికి ఇంకా ఎక్కువ నిందలు వచ్చాయి. రాళ్ళు, ముళ్ళకంపలు నిండిన బీడును త్రవ్వి త్రవ్వి, గుద్దలి కర్రమీద రెండు చేతులు ఆనించి, నోరు తెరచి ఊపిరి పీల్చుకొంటున్న రైతు అతడు. అతనిని పశువని, హంతకుని ముఖమని విమర్శకులు తిట్టారు. తాను ఏ రాజకీయపక్షానికి చెందినవాడను కానని, చూచినదే వేశానని, కళలో తనను అన్నిటికన్న కదలించేది మానవుని పక్షమేనని మిలే నమ్రతగానే సమాధానమిచ్చాడు. కాని ఆ చిత్రానికి శక్తి ఎంత ఉన్నదంటే, ముప్పై ఆరేళ్ళ తరువాత, 1899లో, ఎడ్విన్ మార్కమ్ అనే అమెరికన్ కవి దానిమీద వ్రాసిన పద్యం ఆ దేశమంతట శ్రమజీవుల సమస్యపై చర్చ లేవదీసింది.

సంధ్యాప్రార్థన

మిలే కృతులలో లోకప్రసిద్ధి పొందినది ఆంజెలస్. దేవాలయపు గంట మ్రోగగానే పొలంలో ఆలుగడ్డలు త్రవ్వుతున్న దంపతులు పని ఆపి నిలబడ్డారు. పురుషుడు టోపీ తీసి పట్టుకొన్నాడు. స్త్రీ చేతులు జోడించింది. ప్రక్కన నేలలో గ్రుచ్చిన పంగలకర్ర, బుట్ట, సంచులు ఉన్న తోపుడుబండి. దూరాన దేవాలయ శిఖరం. చిన్నప్పుడు గంట వినబడగానే నాయనమ్మ పని ఆపించి, చనిపోయినవారికోసం ప్రార్థన చేయించేదట. ఆ జ్ఞాపకమే ఈ చిత్రం. మగ్రిబ్ అజాన్ వినబడగానే గట్టుమీద తువ్వాలు పరచుకొనే మన రైతును చూచినవారికి ఈ చిత్రం పరాయిది అనిపించదు. రోజంతా నేలకు వంగిన మనిషి ఒక్క నిమిషం నిటారుగా నిలిచి, మరల తలవంచుతాడు. మొదటి వంపు బ్రతుకు కోసం. రెండవ వంపు భక్తి కోసం.

ఈ చిత్రం వెనుక కథ మరొకటి ఉంది. దీనిని కోరి వేయించుకొన్న అమెరికన్ ధనికుడు తీసుకొనడానికి రాలేదు. 1860లో మిలే దానిని వెయ్యి ఫ్రాంకులకు అమ్మివేశాడు. 1889లో అదే చిత్రం వేలంలో 5,53,000 ఫ్రాంకులు పలికింది. అమెరికా వెళ్ళి, ఊరూరా ప్రదర్శింపబడి, మరుసటి ఏడు షోషార్ అనే వ్యాపారి మరింత ధరకు కొనగా స్వదేశం చేరింది. ఆయన మరణానంతరం జాతీయసంపద అయింది. ఆ వేలం నాటికి మిలే భార్య కాతరీన్ జీవించే ఉన్నది. చట్టరీత్యా ఆ ధరలో ఒక్క ఫ్రాంకు అడిగే హక్కు ఆమెకు లేదు. విత్తినవానికి గింజ దక్కని న్యాయం కళలో కూడ ఉన్నదని లోకానికి తెలిసివచ్చింది. కళాకృతి మారు అమ్మకంలో కళాకారునికి, వారసులకు కొంత వాటా చెందాలని ఫ్రాన్సు 1920లో చట్టం చేసింది. ఆ చట్టానికై సాగిన వాదనలో ఈ ఆంజెలస్ కథ ప్రముఖంగా వినిపించింది.

మిత్రధర్మం, చివరి రోజులు

మిలేకు కష్టకాలంలో అండగా నిలిచిన మిత్రులు కొందరున్నారు. వారిలో ప్రకృతి చిత్రకారుడు థియొడోర్ రూసో ఉదాత్తుడు. 1855లో మిలే ప్రదర్శించిన చెట్టుకు అంటుకట్టే రైతు చిత్రాన్ని ఒక అమెరికన్ నాలుగువేల ఫ్రాంకులకు కొంటున్నాడని రూసో చెప్పాడు. ఆ అమెరికన్ ఎవరో కాదు, రూసోయే. మిత్రుని ఆత్మగౌరవం దెబ్బతినకుండ సహాయం చేయడానికి ఆడిన అబద్ధం అది. అటువంటి అబద్ధం ఎన్నో సత్యాలకు సాటి.

1867లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో మిలే చిత్రాలను ఒకచోట చేర్చి చూపినప్పుడు గాని దేశం అతని గొప్పతనాన్ని గుర్తించలేదు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం లెజియన్ బిరుదు ఇచ్చి సత్కరించింది. కాని రూసో అప్పటికే మరణించాడు. మిలే ఆరోగ్యం కూడ క్షీణించింది. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రాగా కుటుంబంతో నార్మండీకి వెళ్ళి, మరల బార్బిజాన్ చేరాడు. నాలుగు ఋతువుల చిత్రమాలికను కొనసాగించాడు. అందులో వసంతం అపురూపమైనది: వాన వెలిసిన ఆపిల్ తోట, నల్లని మేఘం, ఇంద్రధనుస్సు. మనిషి చెట్టుక్రింద చుక్కలా ఉన్నాడు. శీతకాలం చిత్రం పూర్తి కాలేదు. 1875 జనవరి 20వ తేదీన మిలే పరమపదించాడు. షాయి శ్మశానంలో, మిత్రుడు రూసో సమాధి చెంత, ఆయనను ఉంచారు.

ఫలశ్రుతి

మిలే చల్లిన విత్తు దూరాన మొలకెత్తింది. ఆయనను ఎన్నడూ చూడని విన్సెంట్ వాన్ గో, సెన్సియే వ్రాసిన చరిత్రను 1882లో చదివి, ఆయనను తండ్రిగా భావించాడు. 1889, 1890లలో సాన్ రెమీ చికిత్సాలయంలో మనోవ్యాధితో ఉన్న దినాలలో మిలే చిత్రాల నకళ్ళను ముందుంచుకొని ఇరవైకి పైగా రంగుల చిత్రాలు వేశాడు. జబ్బుపడిన మనస్సుకు ఆ విత్తేవాడు, ఆ కోసేవాడు, ఆ తొలి అడుగులు వేసే పసిబిడ్డ ఆసరా అయ్యారు.

మిలేలో లోపాలు లేవని కాదు. ఆయన రైతులు నవ్వడం అరుదు. వారు చాలవరకు ఆయన బాల్యంలోని రైతులే. మారుతున్న పల్లెను ఆయన కుంచె అంతగా పట్టించుకొనలేదు. పరిగ ఏరుకొనే పేదరాలి చిత్రం చివరకు వేలుకొలది సొమ్ము గలవాని గోడకెక్కింది. దానివలన ఆ పేదరాలి ఒడిలో ఒక్క వెన్ను ఎక్కువ పడలేదు గదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. చిత్రం ఆకలి తీర్చదు. కాని ఆకలిని చూడకుండా ముఖం త్రిప్పుకొనే వీలు లేకుండ చేస్తుంది. ఎన్నడూ చూడని మనిషిని చూచేటట్లు చేయడం, చూచిన పిదప మరచిపోలేనట్లు చేయడం కళ చేయగల పని. మిలే ఆ పనిని నిజాయితీగా చేశాడు.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో చేరే దరఖాస్తులో తండ్రి వృత్తి అనే గడి వద్ద కలం ఒక్కక్షణం ఆగే పిల్లలను నేను చూచాను. సేద్యం అనో, కూలి అనో వ్రాయడానికి సిగ్గుపడి, ఖాళీగా వదలినవారు ఉన్నారు. ప్రపంచంలోని మహానగరాల ప్రదర్శనశాలలలో నేడు గౌరవం పొందుతున్న ఆ చిత్రాలకు మూలధనం ఏమిటో ఒకసారి తలచుకోండి. ఒక రైతుబిడ్డ తన తండ్రి వంగిన నడుమును, తల్లి ఎదురుచూపును మరచిపోకపోవడమే ఆ మూలధనం. మీరు పొలాన్ని వదలి చదువుకు వచ్చారు. అది తప్పు కాదు. మిలేను అతని తండ్రే పంపించాడు. అయితే చదువు పూర్తిచేసి ఏ కొలువులో చేరినా, ఏ పట్టణంలో స్థిరపడినా, మిమ్మల్ని పంపినవారి ముఖం మీ పనిలో ఎక్కడో ఒకచోట కనబడాలి. వీలున్నప్పుడే ఇంటికి వెళ్ళి వారిని చూచి రావాలి. ఆ గడిలో కలం ఆగకుండ వ్రాయాలి.